నీళ్ల చెంబు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నీళ్ల చెంబు గారికి,

మా గేటు పక్క ముద్దమందార ఉన్నట్టుండి తల వేలాడేసిన సంగతి తమరికి తెలియనిది కాదు. కబురందగానే అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది తమరే. ఆకు వాడింది కాబట్టి దాహం, దాహం కాబట్టి తమరు! నాడి పట్టకుండానే మందు పోసే వైద్యులు మరొకరు లేరు.

తమరి వెనకే మిగతా వైద్యబృందం దిగింది. పక్కింటి పిన్నిగారు దిష్టి అన్నారు. ఎదురింటి మాస్టారు ఆకు తిరగేసి చూసి పిండినల్లి అని తేల్చారు. మాస్టారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. కొమ్మ చివళ్లలో తెల్లని దూది అంటుకుని, చీమలు బారులు తీరితే అది పిండినల్లే. కానీ అది రసం పీలుస్తూ, చివుళ్లను ముడిచేస్తూ నెమ్మదిగా నంజుకు తింటుంది తప్ప మొక్క మొత్తాన్ని రాత్రికి రాత్రి కూల్చదు. మా అత్తగారు పులిసిన మజ్జిగ అన్నారు. ఎవరేం చెప్పినా చివర్లో "పైన ఒక చెంబు నీళ్లు కూడా పోయండి" అనడం మాత్రం మానలేదు. తమరి పలుకుబడి అలాంటిది.

అయ్యా, పాదులో మట్టి తడిగా ఉంది. తడి ఏమిటి, వేలు పెడితే జిగటగా అంటుకుంటోంది. నీళ్లలో నిలబడ్డ మొక్కకు దాహమేమిటని తమరికి ఒక్కసారైనా అనుమానం రాలేదా? ఒక్క కొమ్మే ఎండితే కాండం తొలిచే పురుగునో, ఆ కొమ్మకు సోకిన తెగులునో వెతకాలి. మొక్కంతా ఒకేసారి, పచ్చి ఆకులతోనే వాలిపోతే మొదటగా వేళ్లను అనుమానించాలి. వేళ్లకు నీళ్లతోపాటు గాలీ కావాలి. మట్టిలో ఖాళీలన్నీ నీళ్లే ఆక్రమిస్తే వాటికి ఊపిరాడదు, కుళ్లు తెచ్చే శిలీంధ్రాలకు పండగ. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు. అందుకే నీళ్లు ఎక్కువైన మొక్కా, నీళ్లందని మొక్కా పైకి ఒక్కలాగే వాడతాయి. తమరి ఉద్యోగం ఇన్నాళ్లూ నిలిచింది ఆ పోలిక పుణ్యాన్నే.

నిన్న గునపంతో పాదు అంచు తవ్వాం. తెల్లగా, గట్టిగా ఉండాల్సిన పిల్లవేళ్లు గోధుమరంగుకు తిరిగాయి. ఒకదాన్ని రెండు వేళ్లతో పట్టి లాగితే పైతొక్క ఒరలా జారి చేతికొచ్చింది. లోపల సన్నటి నార మిగిలింది. మురుగు వాసన సరేసరి. పక్కనే ఏసీ గొట్టం కొస, ఎండాకాలమంతా పాదులోకి బొట్టు బొట్టుగా కారుతూ కనిపించింది. తమరికి తమ్ముడి వరస కాబోలు.

కాండాన్ని గోటితో గీరితే లోపల ఇంకా పచ్చగానే ఉంది. ఆశ చావలేదు. గొట్టం దారి మళ్లించి, కుళ్లిన వేళ్లు తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రాల మందు కలిపి మొక్క మొదలు తడిపాం. ఆ పనికి తమరిని కాదని పాత ప్లాస్టిక్ డబ్బాను పిలిచినందుకు నొచ్చుకోవద్దు. ఇకపై రెండు అంగుళాల లోతున మట్టి పొడిగా తగిలితేనే గేటు దగ్గరికి తమరికి ప్రవేశం.

అంతవరకు పూజగదిలో విశ్రాంతి తీసుకోండి. తులసమ్మకు పొద్దున్నే ఒక ఉద్ధరిణెడు అనుమతించాం. చెంబెడు కాదు.

ఇట్లు,
ముద్దమందార తరఫున వకాల్తా పుచ్చుకున్నవారు