కల్చర్ రిపోర్టు చూడకుండా యాంటీబయాటిక్ ఎలా రాస్తారు?

మూత్రంలో మంట, పొత్తికడుపు కింద సలపరం, కాసేపు కూర్చుంటే వృషణాల వెనక నొప్పి. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతుంది. చాలాసార్లు ఇది ప్రోస్టేట్ బాధ, అంటే మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి దగ్గర వచ్చేది. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుర్రాళ్లలో ఈ బాధ ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, బయటికి చెప్పరంతే. రూమ్మేట్‌కి చెబితే "వేడి చేసిందిలే రా, సబ్జా నానబెట్టి తాగు" అంటాడు. ఇంట్లో చెప్పలేం. పెళ్లయినవాడికైతే ఇంకో భయం, భార్య ఏమనుకుంటుందోనని.

నేనూ చాలాకాలం పడ్డాను. నాకు కోపం తెప్పించింది నొప్పి కాదు, వైద్యం జరిగిన తీరు. మారతహళ్లి దగ్గర ఒక క్లినిక్‌లో డాక్టరుగారు నా కల్చర్ రిపోర్టు (క్రిమి ఉందో లేదో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేతిలో పట్టుకున్నారు. అందులో "నో గ్రోత్" అని ఉంది, అంటే ఏ క్రిమీ పెరగలేదు. ఆ కాగితం పక్కన పెట్టి, అదే చేత్తో మళ్లీ మూడు వారాల ఆఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఎందుకండీ అని అడిగితే "వాడి చూడండి" అన్నారు.

ప్రోస్టేట్ బాధల్ని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1999లోనే నాలుగు రకాలుగా విడదీసింది. రెండో రకంలో క్రిమి ఉంటుంది, కల్చర్‌లో మళ్లీ మళ్లీ అదే కనిపిస్తుంది, దానికి వారాల తరబడి యాంటీబయాటిక్ వాడాల్సిందే. కానీ ఎక్కువమందికి ఉండేది మూడో రకం. క్రిమి దొరకదు, నొప్పి మాత్రం మూడు నెలలు దాటినా పోదు. ఇది భార్యకి అంటుకునే జబ్బు కాదు, తిరుగుళ్లకి రుజువూ కాదు. ఈ రెండిటికీ తేడా తేల్చేది కల్చరే. అది చేయించకుండా మందు రాయడం చీకట్లో రాయి విసరడమే.

"మరి మందు వేసుకుంటే తగ్గిందిగా" అంటారు. ఈ నొప్పి స్వభావమే హెచ్చుతగ్గులు. దానికితోడు ఆ మందులకి వాపు తగ్గించే గుణం కొంత ఉంది. కోర్సు అయిపోయాక మళ్లీ మొదటికే వస్తుంది. ఈ జాతి మందులతో మడమ వెనక స్నాయువు తెగే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2008లోనే పెద్ద హెచ్చరిక వేయించింది. అదే జాతికి చెందిన లెవోఫ్లాక్సాసిన్ మన దగ్గర షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవాళ్ల పేరు రిజిస్టర్‌లో రాయాలి. మన వీధి మెడికల్ షాపులో ఎప్పుడైనా మీ పేరు అడిగారా?

నాకు దారి చూపింది ఒక ఫిజియోథెరపిస్ట్. కటి కింద గిన్నెలా పరుచుకున్న కండరాలు ఉంటాయి. టెన్షన్‌లో కొందరు దవడ బిగించినట్టు నేను వాటిని రోజంతా బిగించి ఉంచుతున్నానని ఆవిడ పట్టుకున్నారు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో బైక్ మీద కూర్చుని గమనించాను, నిజమే. పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట నిండా గాలి పీలుస్తూ ఆ కండరాలు కిందికి జారేలా వదలడం నేర్పించారు. వీడియోలు చూసి కీగల్ ఎక్సర్‌సైజులు (ఆ కండరాల్ని బిగించి వదిలేవి) చేసేవాళ్లు జాగ్రత్త, బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. కొందరికి మూత్రం దారి కండరాల్ని వదులు చేసే టామ్సులోసిన్ లాంటి మందు కూడా కలిపి ఇస్తారు. నెలలు పడుతుంది. నాకు పూర్తిగా పోయిందని చెప్పను, కానీ ఇప్పుడు సినిమా మొత్తం కూర్చుని చూడగలుగుతున్నాను.

మెజెస్టిక్ చుట్టూ గోడల మీద "గ్యారంటీ వైద్యం" పోస్టర్లు చూసి వెళ్లకండి. ప్రోస్టేట్ జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మందుల ప్రకటనల మీద ఉన్న 1954 చట్టం ప్రకారం నేరం. డబ్బు ఇబ్బందైతే విక్టోరియా ఆస్పత్రి ఆవరణలో ప్రభుత్వ నెఫ్రో యూరాలజీ సంస్థ ఉంది. యూరాలజిస్టు దగ్గర కూర్చుని "ముందు కల్చర్ చేయించండి, క్రిమి లేకపోతే ఫిజియోకి రాయండి" అని అడగండి. చలిజ్వరం వచ్చినా, మూత్రంలో రక్తం పడినా, మూత్రం ఆగిపోయినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి.