ఒక్క పాట చాలు, నెల రోజులు

మా మేనల్లుడికి ఇరవై రెండేళ్లు. గచ్చిబౌలిలో పీజీ హాస్టల్లో ఉంటాడు. కిందటేడు ఓ రాత్రి మెసేజ్ పెట్టాడు: "మామయ్యా, సినిమా పాటలు కాకుండా వేరే ఏమైనా మంచివి ఉంటే చెప్పు." ఈ ప్రశ్న కోసం నేను పదేళ్లుగా కాచుకుని కూర్చున్నాను. రాత్రి రెండింటిదాకా మేలుకుని నలభై పాటల ప్లేలిస్ట్ తయారుచేశాను. ఢిల్లీ బ్యాండ్లు, మలయాళం రాక్, కలకత్తా పాతపాటలు, ఒక్కోదానికి రెండేసి లైన్ల వ్యాఖ్యానం. వారం తర్వాత అడిగితే "రెండు విన్నా మామయ్యా, బాగున్నాయి" అన్నాడు. ఏ రెండో చెప్పలేకపోయాడు.

వాడి తప్పేం లేదు. గుక్కెడు నీళ్లడిగినవాడి నెత్తిన బిందె కుమ్మరించాను. సినిమా బయటి సంగీతం మీద పిచ్చి ఉన్న మాలాంటివాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. ఎవరైనా నోరు తెరిచి అడగ్గానే తెలిసిందంతా ఒలకబోస్తాం. పేరు ఎంత తెలియనిదైతే మాకు అంత గర్వం. అడిగినవాడికి ఏం కావాలన్నది ఆఖర్న గుర్తొస్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

నా వాదన ఒక్కటే. తెలియని పాట మనిషికి దగ్గరవ్వాలంటే అది ఎంత గొప్పదన్న దానికన్నా ముందు ఎన్నిసార్లు చెవిన పడిందన్నది తేలాలి. మనం అభిరుచి అని గొప్పగా చెప్పుకునేదాంట్లో సగానికి పైగా అలవాటే. మీకు బాగా ఇష్టమైన సినిమా పాట ఒకటి తలుచుకోండి. మొదటిసారి విన్నప్పుడే నచ్చిందా? ఫస్ట్ సింగిల్ ప్రోమో, లిరికల్ వీడియో, ప్రీ రిలీజ్ ఫంక్షన్‌లో డాన్స్, రీల్స్‌లో స్టెప్పు, ఆటోలో, జిమ్‌లో, పక్కింటి గృహప్రవేశంలో... సినిమా విడుదలయ్యేలోపే ఆ పాట మీకు యాభైసార్లు వినపడి ఉంటుంది. యాభై ఒకటోసారి నోట్లో పలికింది. "నాకు నచ్చింది" అన్నారు.

దీని మీద భలే ప్రయోగం ఒకటి జరిగింది. కొలంబియా యూనివర్సిటీకి చెందిన మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో సైన్స్ పత్రికలో అచ్చువేశారు. ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకున్నారు. 14 వేలమందికి పైగా జనాన్ని ఇంటర్నెట్ ద్వారా పోగేసి వాటిని వినమన్నారు. కొందరికి పాటల పేర్లు మాత్రమే కనపడతాయి. మిగతావాళ్లని ఎనిమిది గుంపులుగా విడగొట్టి, తమ గుంపులో ఏ పాటని ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. అవే పాటలు, ఒకేరకం జనం. అయినా ఒక్కో గుంపులో ఒక్కో పాట రాజయింది. అంకెలు చూడకుండా విన్నవాళ్ల లెక్కలో 26వ స్థానంలో ఉన్న పాట ఒక గుంపులో ఏకంగా మొదటి స్థానానికెక్కింది, ఇంకో గుంపులో 40కి పడిపోయింది. మరీ మంచి పాటలు అడుగుకి పోవడం, మరీ చెత్తవి పైకి రావడం అరుదే, ఒప్పుకుంటాను. కానీ మధ్యలో ఉన్న పాటల రాత అంతా మొదట ఎవరి చెవిన పడిందన్నదాన్ని బట్టే. మన తెలుగు ఇండీ పాటలు, అంటే సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా చేసుకునేవి, ఉన్నది సరిగ్గా ఆ మధ్యలోనే.

జాన్ పీల్‌కి ఈ సంగతి ఏ ప్రయోగమూ లేకుండానే తెలుసు. బీబీసీ రేడియో 1లో 1967 నుంచి 2004లో చనిపోయేదాకా ఎవరూ వేయని పాటలు వేసిన మనిషి. 1978 సెప్టెంబర్‌లో ఉత్తర ఐర్లాండ్‌లోని డెరీ కుర్రాళ్ల బ్యాండ్, ది అండర్‌టోన్స్, వాళ్ల పాటొకటి వేశాడు. అయిపోగానే మళ్ళీ అదే పాట వేశాడు, వెంటనే, వరసగా రెండోసారి. రేడియోలో అలా చేయకూడదు. కానీ ఆ రెండోసారి వేయడంలోనే అసలు సిఫార్సు ఉంది. "ఇది బాగుంటుంది" అని వందమాటలు చెప్పినా అంత బరువు రాదు.

బీబీసీ దాకా ఎందుకు, మన ఆకాశవాణిలో "ఈ మాసపు పాట" అని ఒక కార్యక్రమం ఉండేది. నెలకి ఒక లలిత గీతం. నెలంతా అదే పాట. ఒకటో వారంలో "ఏంటో ఈ పాట" అనుకున్నవాళ్లు మూడో వారానికి పప్పు తాలింపు పెడుతూ పల్లవి అందుకునేవాళ్లు. మా అమ్మ అలా నేర్చుకున్న పాటలు ఇరవై ముప్పై ఉంటాయి, ఒక్కటీ సినిమాది కాదు. పాలగుమ్మి విశ్వనాథం రాసి బాణీ కట్టిన "అమ్మ దొంగా నిన్ను చూడకుంటే నాకు బెంగ" వేదవతీ ప్రభాకర్ గొంతులో ఎన్ని ఇళ్లలో మోగిందో ఆ వయసు వాళ్లని అడగండి. ఆ పాటకి హీరో లేడు, స్టెప్పు లేదు. ఉన్నదల్లా ఓ రేడియో పెట్టె, ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ వేసే కేంద్రం. ఇవాళ ఇండీ అని మనం పిలుస్తున్నది తెలుగుకి కొత్తేమీ కాదు. 1940లలోనే సాలూరి రాజేశ్వరరావు, ఆర్. బాలసరస్వతీదేవి సినిమాతో సంబంధం లేకుండా గ్రామఫోన్ రికార్డులకి పాడారు. ఆకాశవాణిలో పాటలు రాసి బాణీలు కట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు జీవితంలో ఎక్కువ భాగం ఆ దారినే నడిచారు. మనకి ఇండీ ఉండేది. దాన్ని మళ్ళీ మళ్ళీ వినిపించే పెట్టె పోయింది.

అయితే ఆ పెట్టె వెనక కూర్చున్నవాళ్లే ఒక పెద్ద పొరపాటు కూడా చేశారు. ఇప్పటి ఇండీ అభిమానులు అదే పొరపాటుని నిష్ఠగా పాటిస్తున్నారు. 1952లో కేంద్ర సమాచార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటంటే చిన్నచూపు. ఆయన హయాంలో ఆకాశవాణి సినిమా పాటలకి దాదాపు తలుపేసింది. జనం శాస్త్రీయ సంగీతం, లలిత సంగీతం వింటారనుకున్నారు. జనం రేడియో ముల్లుని సినిమా పాటలు వేసే శ్రీలంక స్టేషన్ రేడియో సిలోన్ వైపు తిప్పారు. ఐదేళ్లు తిరిగేసరికి, 1957 అక్టోబర్‌లో, వివిధ భారతి పెట్టి అవే పాటల్ని తిరిగి పిలవాల్సి వచ్చింది. మంచి పాట వినిపించాలన్న కోరిక తప్పు కాదు. "నువ్వు వింటున్నది చెత్త" అని మొదలుపెట్టడంతో చెడింది. ఇవాళ ఏ ఇండీ గుంపులో చూసినా "ఆ మాస్ బీట్లు ఎలా వింటార్రా బాబూ" అనే మాట వినపడుతుంది. ఆ మాట పూర్తయ్యేలోపు ఎదుటివాడు చెవులు మూసుకుంటాడు. వాడు మూసుకున్నది సంగీతానికి కాదు, మన పొగరుకి.

అందుకే కొత్త పాట దాటి రావాల్సిన గడప వినేవాడిదే అయి ఉండాలి. మా పిన్ని ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అంటే ముఖం చిట్లిస్తుంది. ఆవిడకి నేను చరణ్‌జిత్ సింగ్ పేరు చెప్పలేదు. "పిన్నీ, హిందోళాన్ని కంప్యూటర్ ఆట పాటలా వాయించాడొకడు, వింటావా?" అన్నాను. ముంబై సినిమా రికార్డింగుల్లో వాయించే ఈ చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్, బేస్ సింథసైజర్ ముందు పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలని డిస్కో తాళం మీద వాయించి రికార్డు వదిలాడు. ఎవరూ కొనలేదు. ఐదేళ్ల తర్వాత చికాగోలో అదే మెషీన్‌తో కొందరు కుర్రాళ్లు చేసిన సంగీతం యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతంగా ప్రపంచమంతా తిరిగింది. సింగ్ రికార్డుని ఓ డచ్ రికార్డుల సేకర్త ఢిల్లీలో పట్టుకుని 2010లో మళ్ళీ విడుదల చేశాకే సంగతి బయటపడింది. పిన్నికి ఈ చరిత్రతో పనిలేదు. మాల్కౌంస్ (మన హిందోళానికి హిందుస్తానీ పేరు) వినగానే "అరె, హిందోళమే" అంది, తల ఊపింది. మన మోహనకి జోడైన భూపాలీ దగ్గరికొచ్చేసరికి "మోహన ఇంత గంతులేస్తుందా" అని నవ్వింది. ఇప్పుడు పొద్దున నడకకి వెళ్తూ అదే వింటోంది.

అల్గారిథమ్ ఉండగా మధ్యలో మామయ్యలూ, పిన్నులూ ఎందుకు అనేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర మంచి ఉదాహరణే ఉంది. రూపా బిశ్వాస్ అనే బెంగాలీ గాయని 1982లో కెనడాలోని కాల్గరీలో "డిస్కో జాజ్" ఆల్బమ్ చేసింది, అమ్ముడుపోలేదు, అందరూ మర్చిపోయారు. మూడున్నర దశాబ్దాల తర్వాత యూట్యూబ్ దాన్ని లక్షలమంది ముందుకి తోసింది, 2019లో అమెరికా కంపెనీ ఒకటి మళ్ళీ విడుదల చేసింది. కాదనను. కాకపోతే ముందు ఎవరో ఓ అభిమాని ఆ రికార్డు వెతికి అప్‌లోడ్ చేశాడు. ఆ తర్వాత యూట్యూబ్ చేసిందల్లా అదే పాటని వద్దన్నా పక్క వరసలో మళ్ళీ మళ్ళీ చూపించడం. అంటే నేను చెప్పేదే. పైగా యంత్రం ఇప్పటికే కాస్త విన్నదాన్నే ముందుకి తోస్తుంది, ఎవరూ విననిదాని జోలికి పోదు. ఏడాదిలో వెయ్యిసార్లు కూడా మోగని పాటకి స్పాటిఫై 2024 నుంచి డబ్బు లెక్కకట్టడమే మానేసింది.

తెలుగునాట ఇవాళ మళ్ళీ మళ్ళీ వినిపించే అసలైన కేంద్రం ఏదో చెప్పనా? పెళ్లి బరాత్. 2021లో వచ్చిన "బుల్లెట్టు బండి" సినిమా పాట కాదు. మోహన భోగరాజు పాడిన ప్రైవేటు పాట. మంచిర్యాల వైపు ఓ పెళ్లికూతురు తన బరాత్‌లో దానికి డాన్స్ చేసిన వీడియో ఆ ఆగస్టులో ఊరూరా తిరిగింది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఆ పాట లేని బరాత్ నేను చూడలేదు. ఏ విమర్శకుడూ సిఫార్సు చేయలేదు. డీజే బండి సిఫార్సు చేసింది, వీధి వీధికీ, గంటకి మూడుసార్లు. తెలంగాణ జానపదం యూట్యూబ్‌లో ఇంతగా బతికిందంటే దానికి పండగలు, పెళ్లిళ్లు, బోనాలు ఉన్నాయి కాబట్టి. గిటార్ పట్టుకున్న మన కుర్రాళ్లకి అలాంటి సందర్భం లేదు. కెఫేలో శనివారం సాయంత్రం నలభైమంది వింటారు, సెల్ఫీ తీసుకుంటారు, వెళ్లిపోతారు.

బెంగాలీలు ఈ విషయంలో తెలివైనవాళ్లు. దుర్గాపూజ వస్తోందంటే సినిమాతో సంబంధం లేని కొత్త పాటల రికార్డులు దశాబ్దాలపాటు వచ్చేవి. పండగ పేరుతో ఓ సీజన్ మొత్తం బయటి పాటకి రాసిచ్చారు. 1975లో మొదలైన మొహీనేర్ ఘోరాగులి బ్యాండ్‌ని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోకపోయినా, సినిమా బయట పాట ఉంటుందన్న నమ్మకం అక్కడ ఉంది కాబట్టే 90లలో వాళ్లని మళ్ళీ తవ్వి తీసుకున్నారు. వాళ్ల పాటే 2006లో "గ్యాంగ్‌స్టర్" సినిమాలో "భీగీ భీగీ" అయి మనదాకా వచ్చింది. కన్నడిగులు కవుల భావగీతాల్ని "నిత్యోత్సవ" క్యాసెట్‌తో 1978లోనే ఇళ్లలోకి పంపారు.

మన దగ్గర జరిగేది వేరు. బయట ఎవడైనా కాస్త మోగాడంటే సినిమా వచ్చి ఎత్తుకుపోతుంది. చౌరస్తా బ్యాండ్‌తో మొదలైన రామ్ మిరియాల "జాతిరత్నాలు"కీ, "డీజే టిల్లు"కీ పాడాకే ఇంటింటి పేరయ్యాడు. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మనలో చాలామంది మొదటిసారి విన్నది "భీమ్లా నాయక్" టైటిల్ పాటలోనే. వాళ్లకి పేరూ డబ్బూ వచ్చాయి, సంతోషమే. కానీ బరాత్‌ని పక్కన పెడితే, సినిమా తలుపులోంచి తప్ప వేరే దారిలో ఒక పాట మన ఇంట్లోకి రాలేదంటే అది పాటల లోపం కాదు, దారుల లోపం.

దారి వేయొచ్చు. ఫ్రాన్స్‌లో 1996 జనవరి నుంచి రేడియోలు వేసే పాటల్లో 40 శాతం ఫ్రెంచ్‌వి ఉండాలని, వాటిలో సగం కొత్తవాళ్లవో కొత్త పాటలో అయి ఉండాలని నియమం పెట్టారు. స్టేషన్లు గగ్గోలు పెట్టాయి. ఫ్రెంచ్ ర్యాప్ ఆ తలుపులోంచే లోపలికొచ్చింది. మన ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదని రూలు పెట్టగలిగిన ప్రభుత్వం, రోజుకి ఒక్క సినిమాయేతర పాట, నెలంతా అదే పాట, పొద్దున ఎనిమిదింటికి వేయమని చెప్పలేదా? ఐదు నిమిషాలు. రెండు టూత్‌పేస్ట్ ప్రకటనలు, ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రకటన తగ్గుతాయి, అంతే. ఆ ఐదు నిమిషాలు ఏ మహానుభావుడూ ఇచ్చేలా లేడు కాబట్టి ప్రస్తుతానికి మామయ్యలే రేడియో కేంద్రాలు.

మేనల్లుడికి ఆ ప్లేలిస్ట్ డిలీట్ చేయమని చెప్పాను. "టిల్లు పాట పాడినవాడే, సినిమాల్లో పేరు రాకముందు ఏం పాడాడో విను" అని చౌరస్తా వాళ్ల "ఊరెళ్ళిపోతా మామ" ఒక్కటే పంపాను. షరతు కూడా పెట్టాను: నెల రోజులు, రోజుకోసారి, నచ్చినా నచ్చకపోయినా. మొదటి వారం "ఓకే" అన్నాడు. రెండో వారం ఏమీ అనలేదు. పదిహేనో రోజున ఫోన్ చేసి, హాస్టల్ రూంమేట్లిద్దరు కూడా అదే పాడుతున్నారు, తర్వాతి పాట పంపమని అడిగాడు.

ఇంకా పదిహేను రోజులుందని చెప్పి పెట్టేశాను.