కట్టు విప్పాక అసలు చికిత్స

కారు తలుపు సందులో పడ్డ వేలు, బెల్టుకీ రోలర్‌కీ మధ్య చిక్కిన చెయ్యి, రివర్స్‌లో వస్తున్న బండికీ గోడకీ మధ్య ఇరుక్కున్న కాలు. ప్రమాదం జరిగిన రోజు చుట్టూ ఉన్నవాళ్లంతా పరుగులు పెడతారు. ఎక్స్‌రే తీయించి, ‘ఎముక విరగలేదట’ అని తెలియగానే ఊపిరి పీల్చుకుంటారు. మా దృష్టిలో పొరపాటు మొదలయ్యేది అక్కడే.

ఎక్స్‌రే ఎముక సంగతి చెబుతుంది. నలిగిన కండ, నరం, రక్తనాళాల గురించి అది చెప్పేది చాలా తక్కువ. చక్రం ఎక్కిన కాలి మీద చర్మం మొదటి రోజు చెక్కుచెదరనట్టే కనిపించవచ్చు. కానీ లోపల అది కండను వదిలేసి, రక్తం అందక, కొన్ని రోజులకు నల్లబడుతుంది. డాక్టర్ మళ్లీ రమ్మనేది ఇలాంటివి చూడటానికే. మనవాళ్లు మానేసేది కూడా ఆ రెండో రాకనే.

మొదటి ఒకటి రెండు రోజుల్లో భయపడాల్సింది వాపుకి. చేతిలో, కాలిలో కండరాల చుట్టూ సాగని పొర ఉంటుంది. దాని లోపల వాపు పెరిగితే ఆ ఒత్తిడికి రక్తప్రసరణ ఆగి, గంటల్లోనే కండ చచ్చుబడుతుంది. డాక్టర్లు దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. అప్పుడు పిండికట్టు బయటికి కనిపించే వేళ్లను ఎవరైనా మెల్లగా చాపితే మనిషి కెవ్వుమంటాడు. మాత్ర వేసినా నొప్పి దిగదు, తిమ్మిరి మొదలవుతుంది. వేళ్ల రంగు బాగానే ఉంది, నాడి అందుతోంది అని సర్దిచెప్పుకోకూడదు. నాడి ఆగే దాకా ఆగితే చాలా ఆలస్యమైనట్టే. ఈ నొప్పిని ఓర్చుకోమని చెప్పే పెద్దరికం ఇక్కడ పనికిరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కట్టు వదులు చేస్తారు, అవసరమైతే ఆ పొరను కోసి ఒత్తిడి దించుతారు.

పెద్ద కండరాలు గంటల తరబడి నలిగితే ముప్పు ఆ కాలితో ఆగదు. 1941లో లండన్ మీద బాంబు దాడుల తర్వాత బైవాటర్స్, బీల్ అనే వైద్యులు దీన్ని వివరంగా నమోదు చేశారు. శిథిలాల కింద నుంచి తీసినప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించినవాళ్లు కొన్ని రోజుల్లో కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. నలిగిన కండలోంచి మయోగ్లోబిన్ అనే ప్రోటీన్, పొటాషియం రక్తంలోకి చేరతాయి. ఒకటి కిడ్నీని, రెండోది గుండెను దెబ్బతీస్తాయి. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారినా, బాగా తగ్గినా అది ఎమర్జెన్సీయే.

ఇక వారాలు గడిచాక వచ్చే కష్టాన్ని ఎవరూ పట్టించుకోరు. చేతి వేళ్లను కదపకుండా ఉంచేస్తే కీళ్లు బిగుసుకుపోతాయి. పిడికిలి ముడవదు. చలి తగిలితే వేలి కొన జివ్వుమంటుంది. కుట్లు చూస్తే గాయం మానినట్టే ఉంటుంది, చొక్కా గుండీ మాత్రం పెట్టుకోలేడు. ఎప్పుడు కదపాలో, ఎంత కదపాలో చెప్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లమని చీటీ మీద రాసే ఉంటుంది. ఆ చీటీ జేబులోనే నలిగిపోతుంది. కారణం బద్ధకం కాదు, సెలవు పెడితే జీతం కోస్తారన్న టెన్షన్.

అమెరికాలో ఆసుపత్రి బిల్లుల కోసం ప్రతి జబ్బుకీ గాయానికీ ఒక కోడ్ రాస్తారు. ఇలాంటి గాయాల కోడ్ చివర ఒక అక్షరం ఉంటుంది. చికిత్స జరుగుతున్న దశకు ‘ఏ’, మానుతున్న దశలో వచ్చే విజిట్లకు ‘డి’, మానిన తర్వాతా మిగిలిపోయే ఇబ్బందికి ‘ఎస్’. బిల్లులు రాసే గుమాస్తా లెక్కలో కూడా గాయానికి ఇన్ని దశలున్నాయి. యాజమాన్యాల లెక్కలో మాత్రం ఒక్కటే ఉంది, ప్రమాదం జరిగిన రోజు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లిన రోజుకు, ఫిజియోథెరపీకి వెళ్లిన పూటకు జీతం కోయకూడదు. ‘పనికి ఫిట్’ అని సంతకం పెట్టే ముందు ఆ చేత్తో పిడికిలి బిగించమనాలి, ఒక నట్టు తిప్పించి చూడాలి. ఊడిన వేలి గోరు పూర్తిగా తిరిగి రావడానికే సుమారు 6 నెలలు పడుతుంది. నలిగిన చేతిని 15 రోజులకే మళ్లీ అదే మెషీన్ దగ్గర నిలబెడుతున్నారు.