ధ్రువకాంతుల ఫొటోలు: ఎక్స్‌పోజర్, ఫోకస్‌పై రెండు మాటలు

ధ్రువ ప్రాంతాల రాత్రి ఆకాశంలో తెరల్లా కదిలే ధ్రువకాంతులను (అరోరా) ఫొటో తీయడానికి షట్టర్‌ను 30 సెకన్లు తెరిచి ఉంచాలని వాటిపై వచ్చిన ఒక వ్యాసంలో సూచించారు. కాంతి మందంగా, నిలకడగా ఉన్న రాత్రికి అది సరిపోవచ్చు గానీ, కాంతి తెరలు వేగంగా కదులుతున్నప్పుడు అంతసేపు ఉంచితే వాటి మడతలన్నీ కలిసిపోయి ఆకాశంలో ఆకుపచ్చ మరకలాంటిదే మిగులుతుంది. అలాంటప్పుడు ఎక్కువ వెలుగును లోనికి రానిచ్చే ఎఫ్/2.8 లెన్స్‌తో, ఐఎస్‌ఓను (కెమెరా కాంతి సున్నితత్వాన్ని) 1600 నుంచి 3200 మధ్య ఉంచి, 2 నుంచి 8 సెకన్లలో ముగించడం మేలు.

అంతకంటే ముఖ్యమైనది ఫోకస్. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది కనుక దాన్ని ఆపేసి, లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెరపై) ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసి చూస్తూ, అది అతి చిన్న చుక్కగా మారే వరకు లెన్స్ ఫోకస్ రింగును కొద్దికొద్దిగా తిప్పాలి. బెంగళూరులో ఉంటున్న మనవాళ్లు ధ్రువకాంతులు చూడటానికి నార్వేలోని ట్రోమ్సో విమానం ఎక్కకముందే, కోలారు వైపు దీపాలు తక్కువగా ఉన్న ఊళ్లలో, చేతులకు గ్లవుజులు తొడుక్కుని మరీ ఈ పనిని సాధన చేయాలని నా మనవి.

భారతదేశం నుంచి ధ్రువకాంతులు ఎన్నడూ కనిపించవన్న ఆ వ్యాసంలోని వాక్యాన్ని మాత్రం సవరించాలి. 2024 మే నెలలో వచ్చిన తీవ్ర సౌర తుఫాను వేళ, మన బెంగళూరు కోరమంగలలోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ లద్దాఖ్‌లోని హాన్లేలో అమర్చిన కెమెరాలు ఎర్రని కాంతిని నమోదు చేశాయి. దాదాపు 200 కిలోమీటర్లకు పైన ఆక్సిజన్ వెలువరించే ఈ ఎరుపు కంటికి సరిగా ఆనదు కనుక, అలాంటి రాత్రి అక్కడ ఉన్నవారు ఏమీ కనిపించకపోయినా కెమెరాను ఉత్తరానికి తిప్పి ప్రయత్నించాలి.