ముందు అక్షరం, తర్వాత నోరా?

ఆదోనిలో నాతో పదో తరగతి చదివినవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. వారానికి నాలుగుసార్లు అందులో అదే సందేశం: ‘సంభాషణ చదువు ఒక విదేశీ కుట్ర, పదిమందికి పంపండి.’ నేను బడిపంతులునని విడిగా కూడా పంపుతున్నారు. ఒక్కసారే జవాబు రాస్తాను.

విదేశీ అన్నది నిజమే. సంభాషణ చదువంటే పాఠం వల్లె వేయించకుండా, బతుకు మీద మాట్లాడుకుంటూ నేర్చుకోవడం. ఆ పద్ధతికి పేరుపడిన పావ్లో ఫ్రేరీది బ్రెజిల్. 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో ఆయన బృందం సుమారు 300 మంది కూలీలకు చదువు చెప్పింది. సందేశంలో ‘కమ్యూనిస్టు డబ్బు’ అని ఉంది. ఆ పనికి నిధులిచ్చింది అమెరికా ప్రభుత్వం. ఈ కబురు వాషింగ్టన్‌కు కూడా పంపండి.

‘గురువు అక్కర్లేదన్నాడు.’ అనలేదు. ‘పిల్లలు పెద్దలకు ఎదురు చెబుతారు.’ మా ఇంట్లో ఫ్రేరీ పేరు వినకుండానే చెబుతున్నారు.

నాకు ఒళ్లు మండించింది ఐదోది: ‘కూలివాళ్లకు ముందు అక్షరాలు రానివ్వండి, చర్చలు తర్వాత.’

ఫ్రేరీ పద్ధతిలో పేరుపడిన మాట ‘తిజోలో’, అంటే ఇటుక. దాన్ని త, జ, ల ముక్కలు చేసి ఒక్కోదానికి అచ్చులు చేర్చి పట్టిక కట్టారు. మన గుణింతమే! కాకపోతే అక్షరానికి ముందే ఇటుక మీద, ఇంటి మీద మాట నడిచేది. ఆంజికోస్ పాఠాలు 40 గంటల్లో ముగిశాయి. మన కోసిగి నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు మిరపకోతకు పోయే తల్లులకు ‘కాటా’ అని రాయించండి. క, ట గుణింతాలు పట్టుబడితే కాటు, కోటి, కూటికి వాటంతటవే వస్తాయి. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషి ‘కాటా’ రాస్తూ తూకం ఎవరు చూస్తారని అడక్కుండా ఎలా ఆపుతారు? నోట్లో గుడ్డ కుక్కా?

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సాక్షరతా పాఠాల దగ్గర మాట్లాడుకున్నాకే సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఈ సందేశం ప్రకారమైతే వాళ్లు ముందు వత్తులన్నీ దిద్ది, పరీక్ష పాసై, ఆ తర్వాత సారా సంగతి ఎత్తాలి.

అసలు ఈ సలహా కొత్తదీ కాదు. 1964లో బ్రెజిల్‌లో గద్దెనెక్కిన సైన్యం ఫ్రేరీని జైల్లో పెట్టింది. ఆనాడు అక్కడ చదువురానివాళ్లకు ఓటు లేదు మరి. తర్వాత అదే ప్రభుత్వం ‘మోబ్రాల్’ పేరుతో సొంతంగా అక్షరాస్యత కార్యక్రమం పెట్టింది. మాటలూ ముక్కలూ ఉంచుకుంది, చర్చ తీసేసింది. మా గ్రూపు మేధావులు ఆ సైన్యాధికారుల దాకా వెళ్లారు, తెలియకుండానే.

చివరిది, ‘యాభైమంది తరగతిలో చర్చంటే గోల.’ దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను మాట్లాడమంటే ఎప్పుడూ ఆ నలుగురే మాట్లాడతారు. సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లవాడు చివరి వరుసలో తల దించుకుని కూర్చుంటాడు. వాడి గొంతు నేను మొదటిసారి విన్నది అందరూ కలిసి ఎక్కాలు అప్పజెబుతున్నప్పుడు.