కేరళ ప్రమాదం, బిహార్ భద్రం: ఆ చార్టులోని తిరకాసు

దేశ పటానికి ఎరుపు, పచ్చ రంగులు పూసిన చార్టొకటి ఏటా ఫోన్లలోకి వచ్చి పడుతుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో, అంటే ఎన్‌సీఆర్‌బీ, వార్షిక నివేదిక బయటికొచ్చిన వారంలో మొదలై నెలల తరబడి తిరుగుతుంది. ఢిల్లీ, కేరళ చిక్కటి ఎరుపు. బిహార్, నాగాలాండ్ పచ్చ. కింద వ్యాఖ్యానం సుమారుగా ఇలా ఉంటుంది: కేసులు ఎక్కువున్న చోటే నేరాలు ఎక్కువ, చదువు పెరిగినకొద్దీ నేరం పెరుగుతుంది, 2020లో దేశంలో నేరాలు 28 శాతం పెరిగాయి, కోల్‌కతా అన్నిటికంటే సురక్షిత నగరం, ఆడపిల్లను చదువుకో, ఉద్యోగానికో పంపే ముందు ఈ పటం చూసుకోండి.

చిక్కేమిటంటే ఇందులో అంకెలు చాలావరకు నిజమైనవే. అంకెలు కల్పించి ఉంటే ఒక్క లింకు పంపి ఊరుకునేవాణ్ణి.

మొదటి మాటతోనే మొదలుపెడతాను. కేసులు ఎక్కువంటే నేరాలు ఎక్కువని. కొన్నేళ్ల కిందట బస్సులో నా ఫోను కొట్టేశారు. స్టేషన్‌కి వెళ్లి కాగితం మీద ఉన్నదున్నట్టు రాసిచ్చాను. రైటర్ దాన్ని పైనుంచి కిందికి చదివి, పెన్ను నా చేతికే ఇచ్చాడు. "కొట్టేశారని కాదు సార్, పోగొట్టుకున్నానని రాయండి. మీకు సిమ్ కావాలి, అంతేగా?" నాకు ఆ పూట సిమ్మే కావాలి. అలాగే రాశాను. స్టాంపు వేసి ఇచ్చారు. పది నిమిషాల్లో పని అయిపోయింది, దేశంలో ఒక దొంగతనం తగ్గిపోయింది.

ఎన్‌సీఆర్‌బీ ఊరూరా తిరిగి నేరాలు లెక్కపెట్టదు. స్టేషన్లలో కట్టిన కేసులు జిల్లాకు, అక్కణ్ణుంచి రాష్ట్ర బ్యూరోకు, అక్కణ్ణుంచి ఢిల్లీకి వెళతాయి. 1986లో పెట్టిన ఈ సంస్థ చేసేది వాటిని కూడటం. నా ఫోను సంగతి లాంటివి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. విచారణ చేయదగ్గ నేరం జరిగిందని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో తేల్చి చెప్పింది. ఆ మాట రాజ్యాంగ ధర్మాసనం నోట చెప్పించాల్సి వచ్చిందంటేనే స్టేషన్లలో ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఫిర్యాదు తీసుకుని, ఇద్దర్నీ కూర్చోబెట్టి, రాజీ చేసి పంపేసే స్టేషన్ చార్టులో పచ్చగా కనిపిస్తుంది. వచ్చిన ప్రతి కాగితానికీ కేసు కట్టే స్టేషన్ ఎర్రగా మండుతుంది. నేరాలు పెరగడం, కేసుల నమోదు పెరగడం రెండూ వేర్వేరని, అంకె పెరిగింది కాబట్టి పోలీసులు విఫలమయ్యారనుకోవడం పొరపాటని ఎన్‌సీఆర్‌బీ తన నివేదికలోనే రాసుకుంది. చార్టు తయారుచేసినవాళ్లు ఆ పేజీ తిప్పేసినట్టున్నారు.

ఆడవాళ్ల భద్రత దగ్గర ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2021లో మహిళలపై నేరాల జాతీయ సగటు లక్ష మంది మహిళలకు 64.5. బిహార్ రేటు అందులో దాదాపు సగం. కేరళది సగటు కంటే పైన. చార్టు ఇక్కడ ఆగిపోయి, అయితే బిహారే నయమంటుంది.

అవే సంవత్సరాల్లో, అంటే 2019-21లో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత జరిగింది. అందులో పోలీసులు లేరు, ఎఫ్ఐఆర్ లేదు. సర్వే చేసే మనిషి ఇంటికొచ్చి, వేరెవరూ లేకుండా చూసుకుని, 18 నుంచి 49 ఏళ్ల స్త్రీని అడుగుతుంది: మీ ఆయన మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టాడా, తోశాడా, బలవంతం చేశాడా? పెళ్లయినవాళ్లలో భర్త చేతిలో హింస అనుభవించామన్నవాళ్లు బిహార్‌లో 40 శాతం. కేరళలో 9.9 శాతం. పటం మొత్తం తిరగబడింది. మహిళలపై నేరాల కేసుల్లో అన్నిటికంటే పెద్ద వాటా భర్త, అత్తమామల క్రూరత్వానిదే. 2022లో అది 31.4 శాతం. అంటే సర్వే అడిగిన ప్రశ్న, కేసుల్లో అతి పెద్ద ముక్క, రెండూ ఒకే ఇంటి గోడల మధ్యవి. అయినా ఒక చోట నూటికి నలభై మంది దెబ్బలు తిన్నా కేసులు తక్కువ, ఇంకో చోట పది మంది తింటే కేసులు ఎక్కువ. కేరళ ఎరుపులో కొంతైనా స్టేషన్ గడప ఎక్కగలిగిన ఆడవాళ్ల రంగు ఉందని నా లెక్క.

దక్షిణాది వాళ్లం అప్పుడే చంకలు గుద్దుకోనక్కర్లేదు. అదే సర్వేలో రాష్ట్రాలన్నిటి కంటే పైన ఉన్నది కర్ణాటక, 44.4 శాతం. తెలంగాణ 36.9. జాతీయ సగటు 29.3. నాగాలాండ్ మాత్రం 6.4 శాతమే, కాబట్టి ఆ ఒక్క రాష్ట్రానికి చార్టు పచ్చ రంగు వేయడం మీద నాకు పేచీ లేదు. ఇక సర్వే కూడా చెప్పుకున్నవాళ్ల లెక్కేనని ఎవరైనా అంటే, ఒప్పుకుంటాను. హింస ఎదుర్కొన్నవాళ్లలో ఎవరో ఒకరి సాయం కోరామన్నవాళ్లు 14 శాతమే అని తేల్చింది కూడా ఆ సర్వేయే. ఆ 14 మందిలోనూ అందరూ పోలీసుల దాకా వెళ్లలేదు.

ఇక 2020లో నేరాలు 28 శాతం పెరిగాయన్న మాట. మొత్తం కేసులు 2019లో 51.56 లక్షలు, 2020లో 66.01 లక్షలు. నిజమే. ఆ ఏడాది ఏమైందో ఒక్కసారి గుర్తుచేసుకోండి. లాక్‌డౌన్‌లో బయట తిరిగారని, మాస్కు లేదని కట్టిన కేసులవి. అధికారుల ఉత్తర్వు ధిక్కరించడమనే 188 సెక్షన్ కింద 2019లో 29,469 కేసులుంటే, 2020లో 6,12,179. దొంగతనాలు ఆ ఏడాది బాగా తగ్గాయి. మహిళలపై నేరాల కేసులూ 8.3 శాతం తగ్గాయి. అలాగని ఆడవాళ్లు హాయిగా ఉన్నారా? అవే నెలల్లో గృహహింస ఫిర్యాదులు పెరిగాయని జాతీయ మహిళా కమిషన్ ప్రత్యేకంగా ఒక వాట్సాప్ నంబరు పెట్టాల్సి వచ్చింది. మొత్తం పెరిగింది, భయపడాల్సింది పెరగలేదు. తగ్గిందనుకున్నది తలుపుల వెనక్కి పోయింది. 'మొత్తం నేరాలు' అనే ఒక్క అంకెతో ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

పైగా ఆ మొత్తంలో స్థానిక చట్టాల కేసులూ కలుస్తాయి. గుజరాత్‌లో మద్యనిషేధం రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ ఉంది, బిహార్‌లో 2016 నుంచి. ఒక రాష్ట్రంలో సీసా చేతిలో ఉంటే అది నేరం, సరిహద్దు దాటితే ఖజానాకు ఆదాయం. ఇంకోటి, ఒకే ఎఫ్ఐఆర్‌లో దోపిడీ, హత్య రెండూ ఉంటే లెక్కలోకి హత్య ఒక్కటే వెళుతుంది. పెద్ద నేరం చిన్న నేరాన్ని మింగేస్తుందన్నమాట.

కోల్‌కతా సంగతి నాకు ఇష్టమైన భాగం, ఎందుకంటే దీనికి బడి లెక్క చాలు. 2021 నివేదిక ప్రకారం లక్ష జనాభాకు నేరాలు కోల్‌కతాలో 103.4, పుణెలో 256.8, హైదరాబాద్‌లో 259.9. రేటంటే భాగహారం: కేసులు లవం, జనాభా హారం. కోల్‌కతాకు వేసిన హారం 141.1 లక్షలు. అది కోల్‌కతా కార్పొరేషన్ జనాభా కాదు. హౌరా, బిధాన్‌నగర్, బారక్‌పూర్ లాంటివన్నీ కలిసిన మహానగర సముదాయం జనాభా, అదీ 2011 జనగణనది. కార్పొరేషన్ పరిధిలో అప్పట్లో ఉన్నది సుమారు 45 లక్షల మంది. హౌరాకు, బిధాన్‌నగర్‌కు, బారక్‌పూర్‌కు వేర్వేరు పోలీసు కమిషనరేట్లున్నాయి.

ఇప్పుడు 103.4ను 141.1తో గుణించండి. దాదాపు 14,590 కేసులు. అవి ఒక్క కోల్‌కతా నగర పోలీసుల కేసులే అనుకుని 45 లక్షలతో భాగిస్తే రేటు 324. భద్రతలో మొదటి స్థానమన్న కోల్‌కతా, హైదరాబాద్ అంకెను దాటి ఎక్కడికో వెళ్లింది! అలాగని హైదరాబాద్ గెలిచినట్టూ కాదు, దాని హారం 77.5 లక్షలు కూడా సముదాయం జనాభాయే. ముంబయి హారం 184.1 లక్షల్లో సొంత కమిషనర్లున్న థాణే, నవీ ముంబయి జనం కూడా ఉన్నారు. లవం ఒక ఊరిది, హారం పది ఊళ్లది అయినప్పుడు ర్యాంకులు ఇచ్చుకోవడం తమాషాకి బాగుంటుంది. రాష్ట్రాల హారం కూడా 2011 జనగణన మీద వేసిన అంచనాయే. గోవా లాంటి చోట జనాభాకు ఎన్నో రెట్ల పర్యాటకులు వచ్చిపోతారు. వాళ్ల జేబులు కొట్టేస్తే లవంలో చేరుతుంది, వాళ్లు మాత్రం హారంలో ఉండరు.

మరి రాష్ట్రాలను పోల్చడానికి ఏదీ పనికిరాదా అంటే, హత్యలు కొంత పనికొస్తాయి. శవాన్ని "పోగొట్టుకున్నాను" అని రాయించడం కష్టం. 2022లో దేశంలో 28,522 హత్య కేసులు, లక్షకు 2.1. ఉత్తరప్రదేశ్‌లో 3,491, అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ. కానీ జనాభాతో భాగిస్తే 1.5, సగటు కంటే తక్కువ. ఝార్ఖండ్ 4 దగ్గర ఉంది. బిహార్ 2,930 కేసులతో సగటుకు కొంచెం పైన. చార్టులో ఎర్రగా మండిన కేరళకు లక్షకు ఒక్కటి కూడా లేదు. ఇక్కడా ఒక తిరకాసుంది: వరకట్న మరణాలు హత్యల్లో కలవవు, వాటికి వేరే గడి. 2022లో అవి 6,450. అందులో ఉత్తరప్రదేశ్‌వి 2,138, బిహార్‌వి 1,057. రెండు రాష్ట్రాలే దాదాపు సగం.

చదువు పెరిగితే నేరం పెరుగుతుందన్న సిద్ధాంతానికి ఇంతకంటే చోటివ్వను. చదువు వల్ల పెరిగేది ఫిర్యాదు రాసే ఓపిక, రసీదు అడిగే ధైర్యం.

ఈ గందరగోళాన్ని కొన్ని దేశాలు ఎప్పుడో గుర్తించాయి. అమెరికాలో 1973 నుంచి, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1982 నుంచి పోలీసు లెక్కతో సంబంధం లేకుండా ఇళ్లకు వెళ్లి, మీ మీద నేరం జరిగిందా, పోలీసులకు చెప్పారా అని అడిగే సర్వేలు నడుస్తున్నాయి. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే స్టేషన్ గడప దాటనివి ఎన్నో తెలుస్తుంది. మనకు అలా క్రమం తప్పకుండా దేశమంతటా జరిగే సర్వే లేదు కాబట్టే ఆరోగ్య సర్వే గుమ్మం దగ్గర నిలబడి గృహహింస లెక్క అడుక్కోవాల్సి వస్తోంది.

చివరిగా, పటం చూసి ఆడపిల్లను పంపాలో వద్దో తేల్చుకోమన్న సలహా. దేశంలో నమోదైన అత్యాచార కేసుల్లో 95 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే: బంధువులు, ఇరుగుపొరుగు, స్నేహితులు, పెళ్లి చేసుకుంటానన్నవాళ్లు. వాళ్లు పటంలో ఏ రంగులోనూ ఉండరు. పిల్ల బయటికెళితే ఏమవుతుందోనన్న బెంగకైతే చూడాల్సిన అంకె వేరే ఉంది. హత్య కేసులు 28,522 ఉన్న ఆ 2022లోనే రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. ఆ రాష్ట్రంలో రౌడీలెందరని అడిగే తండ్రి, కాలేజీకి వెళ్లే బండి మీద హెల్మెట్ ఉందో లేదో కూడా అడగొచ్చు.