ఫ్రీగా అమ్మ ఉండగా బడ్జెట్ దండగ

తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళని హాస్పిటల్లో మగ్గబెట్టకుండా జనం మధ్యే ఉంచి చూసుకోవాలని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చెప్తోంది, 19వ సెక్షన్లో అయితే హాఫ్‌వే హోములు (హాస్పిటల్ నుంచి బయటికొచ్చాక కొన్నాళ్ళు ఉండే చోట్లు), గ్రూప్ హోములు (కొందరు కలిసి ఉండే ఇళ్ళు) కూడా తగిన సమయంలో ఏర్పాటు చెయ్యాలని రాశారు. ఆ తగిన సమయమే ఇంకా రావట్లేదు, ముహూర్తాలు కుదరట్లేదేమో పాపం.

అయినా తొందరేముందండీ, ఇంట్లో అమ్మ ఉంది కదా. జీతం అడగదు, డీఏ అడగదు, రాత్రి రెండింటికి కొడుకు తలుపు గడియ తీసిన చప్పుడికి లేచి రోడ్డు దాకా పరిగెత్తినందుకు నైట్ అలవెన్స్ కూడా అడగదు. మాత్ర వద్దని ఉమ్మేస్తే నూరి పెరుగన్నంలో కలుపుతుంది. ఇంత స్కిల్డ్ స్టాఫ్ ఇంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతారు చెప్పండి.

ఇన్సూరెన్స్ వాళ్ళు మాత్రం చట్టాన్ని తు.చ. తప్పట్లేదు. మానసిక జబ్బుకీ ఒంటి జబ్బుకీ తేడా చూపకూడదని 21వ సెక్షన్ అంటే, మామూలు పాలసీల్లో రెండిటికీ ఒకటే రూలు: 24 గంటలు బెడ్ మీద పడుకుంటేనే డబ్బులు. ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండిపోవడం స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బు చేసుకున్న తప్పు. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్ లైన్ వాళ్ళు మాట్లాడతారు, మంచి పనే, కాకపోతే ఫోన్లోంచి చెయ్యి బయటికొచ్చి మాత్ర మింగించదు.

ఇక వికలాంగుల పెన్షన్. నెలకి తెలంగాణలో 4016, ఆంధ్రాలో 6000 రూపాయలు, వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్లో కనీసం 40 శాతం ఉండాలి. లెక్క ఎలా వేస్తారంటే తన పనులు తను చేసుకుంటాడా, నలుగురితో కలుస్తాడా, మాట అర్థమవుతుందా, పనికెళ్తాడా, ఎన్నాళ్ళ నుంచి జబ్బు, ఇవన్నీ చూస్తారు. ఆ సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపు రోజున ఈ పిచ్చితల్లి ఏం చేస్తుందీ, పొద్దున్నే స్నానం చేయించి, తల దువ్వి, ఇస్త్రీ చొక్కా వేసి తీసుకెళ్తుంది. పైగా డాక్టరు అడిగితే నలుగురిలో కొడుకుని తక్కువ చేసి చెప్పలేక "వాడి పనులు వాడే చేసుకుంటాడు సార్" అంటుంది. ఇంకేముంది, శాతం పడిపోయింది, పెన్షన్ పోయింది. బాగా చూసుకున్నందుకు ఫైన్ అన్నమాట.

కాబట్టి ప్రభుత్వానికి నా సలహా, క్యాంపుకి వారం ముందు నుంచీ కొడుకుల్ని పట్టించుకోవద్దని తల్లులకి ట్రైనింగ్ ఇవ్వండి. ఇంకోటి, "నా తర్వాత వీణ్ణెవరు చూస్తారు బాబూ" అని అడుగుతున్నారట, అప్లికేషన్లో ఆ కాలమ్ లేదని మర్యాదగా చెప్పండి. అరవై దాటిన తల్లులు రిటైర్మెంట్, చావు లాంటి ఆలోచనలు పెట్టుకుంటే మాత్రం ముందుగా పర్మిషన్ తీసుకోవాలి, అంత ఖర్చు ఈ ఏడాది బడ్జెట్లో చూపించలేదు.